పోటీ లేని వీధిలో గుండీల కొట్టు

ఆమెకు కాగితాల మీద ఏ పేరున్నా అందరూ పిలిచేది ఎందుకమ్మ అనే. మాటలు వచ్చిన నాటి నుంచీ నోరు తెరిస్తే ఎందుకు అని అడిగేదట. తుమ్మేటప్పుడు కళ్ళు ఎందుకు మూసుకుంటాం, రొట్టె పాతబడితే గట్టిపడుతుంది గానీ బిస్కెట్టు పాతబడితే మెత్తబడుతుందెందుకు, ఇలాంటివన్నీ తాతయ్యను పట్టుకుని అడిగేది. విసిగిపోయిన తాతయ్య ఒకరోజు "ఇది పిల్ల కాదు, ఎందుకమ్మ" అన్నాడు. ఆ మాట జిగురు రాసి అంటించినట్టు అంటుకుపోయింది. పెళ్ళయితే పుట్టింట్లో చాలా వస్తువులతో పాటు ఆ పేరు కూడా వదిలేసి వెళ్తుందనుకున్నారు. అత్తారింటికి వెళ్ళిన మూడో రోజునే ఆమె అత్తగారిని అడిగిన మొదటి ప్రశ్నతో ఆ ఆశ కాస్తా పోయింది.

"అత్తయ్యా, ఊరంతా ఇంత పెద్దగా ఉంటే గుండీలమ్మే కొట్లు తొమ్మిదీ ఈ ఒక్క వీధిలోనే ఎందుకున్నాయి?"

అత్తగారు ఆ తొమ్మిదింటిలో ఒకటి నడుపుతోంది. ఇరవై ఆరేళ్ళుగా అదే గడప, అదే స్టూలు. ఇన్నేళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు, తనకూ తోచలేదు. కాసేపు ఆలోచించి, మొదటి నుంచీ ఇంతేనమ్మా అని ఊరుకుంది. కోడలికి అది జవాబులా అనిపించలేదు. కానీ కొత్త కోడలు గదా, మింగేసింది.

భర్త సిటీ బస్సు నడుపుతాడు. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి వస్తాడు. గుండీల మీద అతనికి ఏ మోజూ లేదు. చిన్నప్పుడు అమ్మ బలవంతాన డబ్బాలు సర్దించి సర్దించి ఆ మోజు మొత్తం తీర్చేసింది. అత్తగారికి మోకాళ్ళు సహకరించని రోజులు మొదలయ్యాయి కాబట్టి, నిచ్చెన ఎక్కే పని కోడలికి వచ్చింది.

ఆ కొట్టు వెడల్పు మనిషి రెండు చేతులూ చాపితే అటు గోడా ఇటు గోడా తగిలేంత. లోపలికి ఇద్దరు వస్తే ముందొచ్చినవాళ్ళు వెనక్కి నడిచి బయటికి రావాలి. రెండు గోడలకీ నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగులు. సొరుగులో ఏ గుండీ ఉందో అదే గుండీ ఒకటి సొరుగు ముందు భాగాన దారంతో బిగించి ఉంటుంది. చదువు అక్కర్లేదు, చూపుంటే చాలు. తెల్ల చొక్కా గుండీలు చెయ్యి అందే ఎత్తులో, కొమ్ము గుండీలూ ఆల్చిప్ప గుండీలూ పైన, ఎప్పుడో గాని అడగనివి కప్పు దగ్గర.

కొనడానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. దర్జీలు డజన్ల లెక్కన తీసుకుంటారు. రెండో రకం వాళ్ళు ఊడిపోయిన గుండీకి జత వెతుక్కుంటూ వస్తారు. చొక్కాకి ఆరుండాలి, ఐదున్నాయి. ఒకటి పీకి, కాగితంలో చుట్టి పట్టుకొస్తారు. ఎందుకమ్మకి ఈ రెండో రకమంటేనే ఇష్టం. పొట్లం విప్పుతుంటే లోపల ఏముందోనని ఆమెకి పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చినంత ఆత్రంగా ఉండేది.

రెండో ప్రశ్న ధర గురించి వచ్చింది. తెల్ల చొక్కా గుండీల డజను తొమ్మిది కొట్లలోనూ నాలుగు నాణేలే. ఎవరు నిర్ణయించారని పక్కకొట్టు లేసుల బాబాయిని అడిగింది. గుండీలతో పాటు లేసులు కూడా అమ్ముతాడని ఆయన్ని అలా పిలుస్తారు. వీధిలో అందరికంటే పాత మనిషి. ఎవరూ నిర్ణయించలేదన్నాడాయన. మరి తొమ్మిది మందీ కూడబలుక్కున్నట్టు ఒకటే ధర ఎందుకు చెబుతున్నారంది. ఆయన నవ్వి, నువ్వు ఐదు చెప్పి చూడు, నీకే తెలుస్తుందన్నాడు.

ఆ మాట మామూలుగా ఎవరైనా నవ్వి వదిలేస్తారు. ఎందుకమ్మ మర్నాడు నిజంగానే ఐదు చెప్పింది. మధ్యాహ్నానికల్లా తెల్ల గుండీల కోసం వచ్చిన ఏడుగురూ "అలాగా" అని నిలబడ్డ కాళ్ళతోనే బాబాయి కొట్టుకి నడిచారు. బాబాయి ఒక్కొక్కరికి గుండీలు పొట్లం కడుతూ ఇటు చూసి తల పంకించాడు. మూడో రోజు ఆమె మళ్ళీ నాలుగుకి దిగింది. కానీ అక్కడితో ఆగలేదు. పై సొరుగులో ఉన్న కొమ్ము గుండీలకి ఒక నాణెం పెంచింది. ఎవరూ నోరు మెదపలేదు. ఇంకోటి పెంచింది. అప్పుడూ కొన్నారు. ఎందుకంటే ఆ రకం వీధి మొత్తంలో వాళ్ళ కొట్లోనే ఉంది. మరో రెండు పెంచేసరికి ఒకావిడ, దీనికంటే అన్ని గుండీలూ మార్చేసుకోవడం నయమని చెప్పి వెళ్ళిపోయింది. ఓహో, గోడ ఇక్కడుందన్నమాట అనుకుని రెండు తగ్గించింది.

అత్తగారు ఇదంతా గమనిస్తూనే ఉంది. ఆ రాత్రి అన్నాల దగ్గర కొడుకుతో, మీ ఆవిడ కొట్టు నడపడం లేదురా, కొట్టుని పరీక్ష రాయిస్తోంది అంది.

పెళ్ళయిన నాలుగో ఏడు వీధిలో గొడవ వచ్చింది. మూలమీద కొట్టాయన ఒకేసారి బోలెడు సరుకు చవగ్గా తెచ్చి, తెల్ల గుండీల డజను మూడున్నరకే ఇవ్వడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో అందరూ మూడున్నర. ఆయన మూడుకి దిగాడు, వీళ్ళూ దిగారు. మూడంటే తెచ్చిన ధర. ఇంక దిగితే చొక్కా విప్పి ఇవ్వడమే. లేసుల బాబాయి మిగతా ఎనిమిది మందినీ తన కొట్లో కూర్చోబెట్టి టీ పోయించి, మనం కొట్టుకు చావడం దేనికి, అందరం నాలుగే చెబుదాం, ఎవరూ దిగొద్దు అని ఒప్పించాడు. అందరూ తలలూపారు. ఎందుకమ్మ కూడా ఊపింది గానీ, ఇదెన్ని రోజులు నిలుస్తుందో చూడాలని ఆమెకి మహా కుతూహలంగా ఉంది.

రోజుల దాకా పోలేదు. మర్నాడు మధ్యాహ్నానికే ఒకరు డజనుకి పదమూడు గుండీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ధర మాత్రం నాలుగే. ఇంకొకరు డజను కొంటే సూది ఉచితమన్నారు. సాయంత్రానికి వీధిలో ఎవర్ని అడిగినా మేం మాట తప్పలేదనేవాళ్ళే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. ఉచితంగా సూది పెట్టింది లేసుల బాబాయేనని ఆమె రెండు రోజుల తర్వాత కనిపెట్టింది. ఆయన్ని అడగలేదు. పెద్దాయన కదా అని ఊరుకుంది.

ఆ చిరాకులోనే ఆమెకి వేరే ఆలోచన పుట్టింది. భర్త బస్సు చివరి స్టాపు దగ్గర కొత్త పేట లేచింది. నాలుగు వరసల మేడలు, ఇల్లిల్లూ నిండాయి. అక్కడ సూది కొనాలన్నా బస్సెక్కి రావాల్సిందేనని అతనే ఒకసారి మాటల్లో చెప్పాడు. ఈ వీధికొచ్చే జనాన్ని తొమ్మిది మంది పంచుకుంటున్నారు. అక్కడికి వెళ్తే పంచుకునేవాళ్ళే ఉండరు. తన లెక్కకి తనకే ముచ్చటేసింది.

అత్తగారు దూరపు కొండలు నునుపంది. ఒక కొట్టు రెండు చోట్ల నడిపే ఓపిక ఎవరికీ లేదు, కాబట్టి వెళ్తే ఇది వదులుకోవాలి. నెల రోజులు ఇంట్లో అదే మాట. చివరికి అత్తగారే, నాకా మోకాళ్ళు పోయాయి, కొట్టు నువ్వు చూసుకునేది, నీ ఇష్టమమ్మా అని తాళంచెవి చేతిలో పెట్టింది. పాత కొట్టు వదిలేశారు. కొత్త చోట ఏడాది అద్దె ఒకేసారి ముందే కడితే తగ్గిస్తామంటే కట్టేశారు. అక్కడి గోడ ఒక మూల ఏటవాలుగా ఉంది. పాత సొరుగులు పట్టలేదు. వడ్రంగి ఆ గోడ కొలతకే కోసి, ఒక పక్క పొడుగ్గా ఒక పక్క పొట్టిగా కొత్త సొరుగులు చేశాడు. చాలా ఖర్చయింది. చూడ్డానికి మాత్రం ముద్దొచ్చేలా ఉన్నాయి.

మొదటి వారం పండగలా గడిచింది. వచ్చినవాళ్ళల్లా, హమ్మయ్య, మా పేటకీ ఒక కొట్టు వచ్చిందన్నారు. సూదులూ దారం రీళ్ళూ ఎలాస్టిక్కూ పట్టుకెళ్ళారు. తెల్ల గుండీల డజను ఐదు నాణేలంటే ఎవరూ మారు మాట్లాడలేదు. పాత వీధిలో అరపూటలో జనాన్ని తరిమేసిన ఐదు ఇక్కడ నోట్లో వెన్నలా కరిగిపోయింది. బస్సుకి అంతకంటే ఎక్కువవుతుంది మరి. ఆమె ఇంటికొచ్చి అత్తగారి ముందు కొంచెం మురిసింది కూడా.

రెండో నెలకి పలచబడింది. సూది ఒకసారి కొంటే ఏడాది వస్తుంది. ఎలాస్టిక్ ఎన్నిసార్లు కొంటారు? జత వెతుక్కునేవాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు గానీ, పొట్లం విప్పి చూస్తే చాలాసార్లు ఆమె దగ్గర లేనిదే. లేదండీ అంటే వాళ్ళు నిట్టూర్చి కాగితం మళ్ళీ మడిచేసుకునేవాళ్ళు. పాత వీధిలో లేదండీ అంటే పక్కకి వెళ్ళేవాళ్ళు. ఇక్కడ పక్కన పళ్ళ డాక్టరు.

ఏం జరుగుతోందో తేల్చుకుందామని ఆమె బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టింది. జత దొరికి వెళ్తే ఎర్ర గుండీ ఒక సీసాలో, దొరక్కుండా వెళ్తే నల్లది రెండో దాంట్లో వేసేది. రెండు నెలలయ్యాక బోర్లించి లెక్కపెట్టింది. ఎర్రవి పదిహేను. నల్లవి నలభై తొమ్మిది. ఇంకో సంగతి కూడా గమనించింది. ఒకసారి నల్ల గుండీ వేయించినవాళ్ళు మళ్ళీ దారం కోసం కూడా రావడం లేదు.

ఆ పేటలోనే కోట్లు కుట్టే దర్జీ ఒకావిడ ఉంది. భారీ మనిషి, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. ఎందుకమ్మ కొట్టు ఆమె ఇంటికి రెండు వీధులే. అయినా గుమ్మం తొక్కేది కాదు. ఒక గురువారం ఆమె బస్సెక్కబోతుంటే ఎందుకమ్మ కొట్లోంచి బయటికొచ్చి ఆపింది.

"అక్కా, కోప్పడకండి. మీరు ప్రతి గురువారం పాత వీధికి వెళ్తారని మా ఆయన చెప్పాడు. నా కొట్టు ఇక్కడుండగా అంత దూరం ఎందుకు వెళ్తున్నారు?"

దర్జీ ఏమీ అనుకోలేదు. "నీ దగ్గర నాలుగు రకాలు దొరుకుతాయి, రెండు దొరకవు. ఆ రెంటి కోసం ఎలాగూ బస్సెక్కాలిగా? ఎక్కాక ఆరూ అక్కడే కొనేస్తా. అక్కడైతే ఒకళ్ళ దగ్గర లేకపోతే పక్కవాళ్ళ దగ్గర ఉంటుంది. ఒకళ్ళు ధర ఎక్కువ చెబితే పక్కకి వెళ్తా. నువ్వొక్కదానివే ఉన్నచోట నేను ఎవరి పక్కకి వెళ్ళను?"

బస్సు వెళ్ళిపోయింది. ఎందుకమ్మ అలాగే స్టాపులో నిలబడిపోయింది. కొట్టు తాళం వేసి రాలేదన్న సంగతి కూడా కాసేపటి దాకా గుర్తురాలేదు.

ఇంకొకరైతే ఆ మాటకి కుంగిపోయేవారు. ఆమెకి ముందు కలిగింది సంతోషం. సాయంత్రం చెప్పులు విడుస్తూనే అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి, "అత్తయ్యా, తెలిసిపోయింది. అవి తొమ్మిది కొట్లు కాదు. తొమ్మిది తలుపులున్న ఒకటే కొట్టు," అంది. పాత వీధిలో ఉన్నప్పుడు తన దగ్గర దొరక్క పక్కకి వెళ్ళినవాళ్ళే కనిపించేవాళ్ళు. పక్కన దొరక్క తన దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా అంతమంది ఉంటారు, కానీ వాళ్ళని చూసి, నా అదృష్టం కొద్దీ వచ్చారనుకునేది. జనం వచ్చేది తన కోసమో బాబాయి కోసమో కాదు, తొమ్మిది ఉన్నాయి కాబట్టి వస్తున్నారు. ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

అత్తగారు అంతా విని, "ఈ ముక్క తెలుసుకోవడానికి ఏడాది అద్దె కట్టామా?" అంది. అప్పుడు గాని ఎందుకమ్మ మొహంలో సంతోషం తగ్గలేదు.

మూడో రోజు భర్త కొట్టు మాట ఎత్తాడు. వెనక్కి వచ్చేద్దామని ఆమె అంటే అతను ఒప్పుకోలేదు. సొరుగులకి అంత పోశాం, ఆ గోడకి తప్ప ఇంకే గోడకీ పనికిరావు, వదిలేస్తే ఆ డబ్బంతా మట్టిపాలేగా అన్నాడు. ఆమెకీ ఆ సొరుగులంటే ప్రాణం. అయినా నెమ్మదిగా అడిగింది.

"ఉండిపోతే ఆ డబ్బు తిరిగొస్తుందా?"

"రాదు."

"వెళ్ళిపోతే?"

"అప్పుడూ రాదు."

"ఎటు చేసినా రానిదాన్ని మధ్యలోకి ఎందుకు లాక్కొస్తున్నారండీ? పోయింది పోయింది. రేపటి నుంచి ఏం వస్తుందో అది చెప్పండి."

అతను తల గోక్కున్నాడు. పోయిన బస్సు వెనకాల పరిగెత్తొద్దని రోజూ ప్రయాణికులకి తనే చెబుతుంటానని ఒప్పుకున్నాడు. అయితే రేపే ఖాళీ చేసేద్దామన్నాడు. ఈసారి ఆమె వద్దంది. ఇంకా ఐదు నెలల అద్దె ముందే కట్టి ఉంది. తెరిచినా మూసినా ఆ అద్దె తిరిగి రాదు. తెరిస్తే సరుకు ఖర్చూ బస్సు ఖర్చూ పోగా రోజుకి ఎనిమిది నాణేలు మిగులుతున్నాయి. ఎనిమిది తక్కువే, కానీ సున్నా కంటే ఎక్కువ. నష్టం వచ్చే కొట్టు ఎందుకు తెరవడమని అత్తగారు అడిగితే, మూస్తే ఇంకా నష్టమత్తయ్యా అని చెప్పి నవ్వింది. అత్తగారికి అది అర్థం కావడానికి ఒక పూట పట్టింది.

ఆ లెక్క ప్రకారం ఐదు నెలలూ తెరిచి ఉంచాల్సిందే. మూడు వారాలు అలాగే చేసింది కూడా. ఈలోగా కోటు దర్జీయే కొట్టుకి వచ్చింది. ఒక పెద్ద కచేరీ బృందానికి నలభై కోట్లు కుట్టే పని పట్టింది. కాజాలు కుట్టేవాళ్ళు దొరకడం లేదు. దారిన పోతూ నువ్వు సూది పట్టే పద్ధతి చూశాను, వస్తావా అని అడిగింది. రోజుకి ఇరవై నాణేలు ఇస్తానంది. ఈ కోట్లయ్యాక కూడా పని ఉంటుందంది.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. దర్జీ వెళ్ళాక స్టూలు మీద కూర్చుని, వింతగా ఉందే అనుకుంది. పొద్దున కొట్టు తెరిచినప్పుడు ఎనిమిది లాభం. ఇప్పుడు కొట్టులో ఏమీ మారలేదు. అవే సొరుగులు, అదే పళ్ళ డాక్టరు. కానీ ఇరవై ఇస్తానన్న మనిషి గుమ్మం దాటి వెళ్ళగానే ఇదే కొట్లో కూర్చోవడానికి రోజుకి పన్నెండు పోగొట్టుకుంటున్నట్టు అయిపోయింది. ఎవరూ జేబులోంచి తియ్యకుండానే ఖర్చు పుట్టుకొచ్చింది. ఇంతకాలం తన రెండు చేతులకీ ఖర్చు లేదనుకుంది. వేరే ఎవరూ అడగకపోబట్టి అలా అనిపించిందంతే.

మర్నాడు కొట్టుకి తాళం వేసింది. అద్దె కట్టిన కొట్టు మూస్తావేంటే, మొన్నేగా తెరిచి ఉంచాలన్నావు అని అత్తగారు నోరు వెళ్ళబెట్టింది. మొన్నటి లెక్క మొన్నటిదంది కోడలు. తర్వాత నెలలో ఒక చెప్పులు కుట్టే అతను మిగిలిన నెలలకి ఆ కొట్టు తీసుకుని కొంచెం అద్దె ఇచ్చాడు. ఏటవాలు సొరుగుల్లో పొడుగువైపు బూట్లూ పొట్టివైపు పిల్లల చెప్పులూ సర్దుకున్నాడట. సొరుగులు చేయించినావిడ తెలివైందని మెచ్చుకున్నాడని భర్త వచ్చి చెప్పాడు. ఆ మాట విన్నాక ఆ పూట ఆమెకి అన్నం సరిగ్గా సయించలేదు.

దర్జీ ఇంట్లో పని కిటికీ పక్కన. పొద్దున తొమ్మిది నుంచి వెలుతురు ఉన్నంతసేపు కాజాలు కుట్టేది. మొదటి పది కోట్లకి వేళ్ళు పుళ్ళు పడ్డాయి. తర్వాత చెయ్యి తిరిగింది. అక్కడ కూర్చున్నాక ఆమెకి గుండీ అటువైపు నుంచి కనిపించింది. పాత కోట్లు బాగుచేయడానికి వస్తే దర్జీ అన్ని గుండీలూ పీకేసి కొత్తవి వేసేది. ఎందుకంటే పోయింది ఒక్కటే అయినా దానికి జత దొరకదు. పీకినవి ఒక సంచిలో పడేసేది. సంచి నిండితే పారబోసేది. ఇవెందుకు పారేస్తారని ఎందుకమ్మ అడిగితే, ఏ రెండూ ఒకలా ఉండవు, ఎవరికి పనికొస్తాయి అంది దర్జీ. ఒకళ్ళకి పనికొస్తుంది కదక్కా, కాకపోతే ఆ ఒకళ్ళు ఎవరో మనకి తెలీదు అంది ఎందుకమ్మ. సంచి తనకిమ్మని అడిగి తీసుకుంది. తెలిసిన ఇంకో ముగ్గురు దర్జీల దగ్గర కూడా అడిగింది. వాళ్ళు చెత్త మోసే బాధ తప్పిందని సంతోషంగా ఇచ్చారు. సాయంత్రాలు అత్తాకోడళ్ళు మంచం మీద దుప్పటి పరిచి గుండీలు ఏరేవాళ్ళు. మోకాళ్ళతో పనిలేని పని కాబట్టి అత్తగారు కోడలికంటే వేగంగా ఏరేది. చీకట్లో తడిమి కూడా ఇది కొమ్ము, ఇది ఎముక, ఇది ఒట్టి ప్లాస్టిక్కు అని చెప్పేది.

ఏడాదిన్నర తర్వాత పాత వీధిలో చోటు వెతికారు. వాళ్ళ పాత కొట్లో వేరేవాళ్ళు చేరిపోయారు. వాళ్ళూ గుండీలే అమ్ముతున్నారు. మెట్ల కింద ఒక అర మాత్రం ఖాళీగా ఉంది. ఒక్క మనిషి కూర్చోవచ్చు, నిలబడితే తల తగులుతుంది. అద్దె అందుకు తగ్గట్టే ఉంది. ఆమె తీసుకుంది.

లేసుల బాబాయికి ఆ కబురు నచ్చలేదు. సరుకు దించుతుంటే వచ్చి మెట్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తొమ్మిది మందికే సరిపోక చస్తుంటే పదోదానివి నువ్వొచ్చావా అమ్మాయ్ అన్నాడు. మాట కఠినంగా అనలేదు, దిగులుగా అన్నాడు. ఆమె ఒక డబ్బా మూత తీసి చూపించింది. అన్నీ ఒంటి గుండీలే.

"తెల్ల గుండీలు నేను పెట్టను బాబాయ్. డజన్లూ అమ్మను. మీ దగ్గర దొరకనివే నా దగ్గరుంటాయి. దొరక్కపోతే ఇంటికి పంపించెయ్యకుండా నా దగ్గరికి పంపండి."

ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి కాసేపు కలియబెట్టాడు. నాకేంటి లాభం అన్నాడు. దొరకలేదని వెళ్ళిపోయేవాళ్ళు దారం కూడా కొనకుండా వెళ్ళిపోతారు, దొరికితే దారం మీ దగ్గరే కొంటారు, నేను దారం పెట్టనుగా అంది. బాబాయి డబ్బా మూత పెట్టేసి తన కొట్టుకి వెళ్ళిపోయాడు. వారం రోజుల తర్వాత మొదటి మనిషిని పంపించాడు. నెల తిరిగేసరికి తొమ్మిది కొట్లవాళ్ళూ, మెట్ల కింద అడిగి చూడండి అనడం అలవాటు చేసుకున్నారు. మూలమీద కొట్టాయన మాత్రం కొన్నాళ్ళు పంతం పట్టి, చివరికి తన కోటు గుండీ ఊడినప్పుడు తనే వచ్చాడు.

రాబడి పాత కొట్టు మంచిరోజులంత లేదు. కొత్త పేట కంటే నయం. దర్జీ దగ్గర రోజుకి వచ్చినదానికంటే కొంచెం ఎక్కువ. వారానికి రెండు రోజులు ఇప్పటికీ కాజాలు కుట్టడానికి వెళ్తుంది. ఆ రోజుల్లో అత్తగారు కూర్చుంటుంది. మెట్లకింద నిచ్చెన అవసరం లేదు.

ఆమెకి ఇప్పటికీ తెగని ముడి ఒకటుంది. తన సరుక్కి ధర ఎలా చెప్పాలి? తెల్ల గుండీకి పక్కకొట్టు చూసి చెప్పొచ్చు. ఒంటి గుండీకి పక్కకొట్టు లేదు. తెచ్చిన ధర చూద్దామంటే సంచి ఊరికే వచ్చింది.

మొన్నీమధ్య ఒక పెద్దావిడ బూడిద రంగు కోటు వేసుకుని వచ్చింది. ఐదు గుండీలున్నాయి, రెండోది లేదు. ఆకుపచ్చ గాజు, మధ్యలో పల్చటి గీత. తొమ్మిది కొట్లూ తిరిగి వచ్చానంది. ఎందుకమ్మ మూడో డబ్బా తీసి, అడుగున వెతికి, ఒకటి ఆమె అరచేతిలో పెట్టింది. రంగూ గీతా అచ్చం అదే. ఆవిడ దాన్ని కోటు మీద ఆనించుకుని వంగి చూసుకుంది. ఎంతమ్మా అని అడిగింది.

ఎందుకమ్మ మనసులోనే లెక్క వేసింది. ఆరూ మార్చుకుంటే పద్దెనిమిది నాణేలవుతుంది, అంతకు మించి చెబితే వద్దంటుంది. అది పై గోడ. కింద గోడ ఉందో లేదో తెలీదు. ఆవిడ కోటుకి ఈ గుండీ తప్ప గతి లేదు. అలాగే ఈ గుండీకి కూడా ఆ కోటు తప్ప గతి లేదు, ఇంకో పదేళ్ళు డబ్బాలో ఉన్నా అడిగేవాళ్ళు రారేమో. ఇదంతా ఆలోచించి, ఆరు అంది. కుట్టి కూడా ఇస్తానంది.

ఆవిడ బేరం ఆడలేదు. ఆరు నాణేలూ తీసి బల్ల మీద పెట్టి, కోటు విప్పి ఇచ్చింది. ఎందుకమ్మ సూదిలోకి దారం ఎక్కించి నాలుగు పోట్లు వేసి, వెనక ముడి బిగించి, దారం పళ్ళతో తెంపింది. ఆవిడ కోటు వేసుకుని, అన్ని గుండీలూ పెట్టుకుని, మెట్ల పక్కనుంచి ఎండలోకి వెళ్ళిపోయింది.

బేరం కూడా ఆడలేదే, కొంపదీసి తక్కువ చెప్పానా అని ఎందుకమ్మ ఆ సాయంత్రమంతా ఆలోచిస్తూనే ఉంది.